ఇంటి కప్పు: మరమ్మతు ఎంతవరకు, మార్పు ఎప్పుడు?



ఇల్లు కురుస్తోందనగానే మనం మొదట అడిగే మాట, "ఏం పూస్తే ఆగుతుంది?" అని. ఒకరు తారు అంటారు, ఒకరు సిమెంటు పాలు అంటారు, ఇంకొకరు దుకాణంలోకి కొత్తగా వచ్చిన డబ్బా పేరు చెబుతారు. ఎండాకాలంలో పూస్తాం. ఆ వానాకాలం గట్టెక్కుతుంది. మరుసటి ఏడాది అదే గదిలో, అదే మూల మళ్ళీ చెమ్మ కనిపిస్తుంది. చాలాసార్లు సరుకు మంచిదే, పూసినవాడూ మంచి పనివాడే. లోపం మనం అడిగిన ప్రశ్నలోనే ఉంది. కప్పు విషయంలో ముందుగా తేల్చుకోవలసినవి రెండు సంగతులు. వాన నీరు ఎక్కడ లోపలికి దిగుతోంది? కప్పు బరువు మోస్తున్న భాగం ఇంకా గట్టిగా ఉందా? తాటాకు కప్పయినా, పెంకుటిల్లయినా, రేకుల ఇల్లయినా, శ్లాబయినా రెండు పనులు చేస్తుంది: వానను ఆపుతుంది, బరువును మోస్తుంది. వానను ఆపే పొర చెడితే మరమ్మతు చాలు. సరిగ్గా చేస్తే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మోసే భాగం చెడితే మాత్రం పైన ఎన్ని పూతలు పూసినా నిలవవు, దాన్ని మార్చాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

రోలుగుంట వైపు ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను. తూర్పు కనుమల పాదాల దగ్గర, చోడవరం నియోజకవర్గంలో ఉన్న మండలం ఇది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడ కప్పుకు ఏడాదిలో రెండు పరీక్షలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అవి వెనక్కి తగ్గేసరికి అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుపానులు. ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడిందంటే దాదాపు లక్ష లీటర్ల నీళ్ళు పడినట్టు. అంత నీటిని ఒక పల్చని పూత ఆపాలని కోరుకోవడం అత్యాశ. కప్పు చేయవలసింది నీటిని నిలబెట్టి అడ్డుకోవడం కంటే ముందు, పడిన నీటిని పడినట్టే దించేయడం. పూరిల్లు, పెంకుటిల్లు ఏటవాలుగా ఉండటంలో ఉన్న తెలివి అదే. మనం చదునైన డాబాల్లోకి మారినప్పుడు ఆ వాలును పోగొట్టుకున్నాం. చదును కప్పు మీద అంగుళంలో నాలుగో వంతు తేడా కూడా నీటి దారిని మార్చేస్తుందన్న సంగతిని మాత్రం పట్టించుకోలేదు.

శ్లాబుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇప్పుడు మరమ్మతు ఖర్చు ఎక్కువగా దాని మీదే పడుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరమ్మ ఇళ్ళ పథకం 2006లో మొదలైంది. ఆ తొలి విడతల్లో వేసిన శ్లాబులు ఇప్పుడు దాదాపు ఇరవై ఏళ్ళవి. శ్రద్ధగా కట్టిన చోట గట్టిగానే ఉన్నాయి, హడావుడిగా ముగించిన చోట పెచ్చులు ఊడే వయసుకు వచ్చాయి. శ్లాబు కారుతోందంటే నీరు దిగే చోట్లు సాధారణంగా నాలుగు. మొదటిది, పిట్టగోడ శ్లాబు మీద కూర్చున్న సందు. గోడ వేరు, శ్లాబు వేరు కాబట్టి ఆ రెంటి మధ్య ఎప్పటికైనా సన్నని పగులు వస్తుంది. రావి, మర్రి మొలకలు ముందుగా వేళ్ళు దించేది అక్కడే. రెండోది, నీళ్ళు బయటికి పోయే గొట్టం మొదలు. ఆకులు అడ్డుపడితే డాబా చెరువవుతుంది. మూడోది, వాలు లేక మడుగు కట్టే చోటు. పది అడుగుల పొడవుకు కనీసం అంగుళంపావు వాలు లేకపోతే నీరు కదలదు. నాలుగోది, నీళ్ళ ట్యాంకు, దాని గొట్టాలు. వాన లేని మార్చి నెలలో కూడా పైకప్పుకు చెమ్మ ఉందంటే, తప్పు వానది కాదు, గొట్టానిది. ఇవి తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. వాన వెలిసిన మర్నాడు డాబా ఎక్కి నీరు నిలిచిన చోటు చుట్టూ సుద్దతో గీత గీయాలి. వానలు లేని రోజుల్లో అయితే గొట్టం నోరు మూసి, డాబా మీద భాగం భాగంగా అంగుళం లోతు నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచి, కింద ఎక్కడ చెమ్మ దిగిందో చూడాలి. శ్లాబులో అప్పటికే బలం తగ్గిన ఆనవాళ్ళు ఉంటే ఈ పరీక్ష చేయకూడదు. లోపల చుక్క పడే చోటు, పైన నీరు దిగే చోటు ఒకటే కానక్కర్లేదు. కాంక్రీటులోని సందుల వెంట నీరు అడుగుల కొద్దీ నడుస్తుంది. చుక్క పడిన చోట నేరుగా పైన పూత పూసి ఊరుకున్న మరమ్మతులు అందుకే నిలవవు.

పగుళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 30 అడుగుల పొడవున్న శ్లాబు వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. మన వేసవిలో మధ్యాహ్నం డాబా మీద అరికాలు మోపలేం, తెల్లవారేసరికి చల్లబడుతుంది. అంటే ఆ శ్లాబు ప్రతిరోజూ కొంత కదులుతూనే ఉంటుంది. అలా కదిలే పగులులో గట్టి సిమెంటు కూరితే, అది మరుసటి వేసవికే పక్కనుంచి విడిపోతుంది. అక్కడ పడవలసింది సాగి ముడుచుకునే సీలెంటు. పగులును కొంచెం వెడల్పుగా తవ్వి, దుమ్ము పూర్తిగా ఊది, ఆరిన తర్వాత ఆ సీలెంటు నింపి, దాని మీద వల గుడ్డతో కలిపి పూత వేస్తే నిలుస్తుంది. డాబాకు తెల్లని పూత గాని, తెల్ల పలకలు గాని వేయడంలో ఉన్న మేలు కూడా ఇక్కడ తెలుస్తుంది. వేడి తగ్గితే కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే పగుళ్ళు తగ్గుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఎండ తాపం తగ్గించడానికి. దానివల్ల కప్పు ఆయుష్షుకు కలిగే మేలు కూడా తక్కువేం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. శ్లాబులో మోసే భాగం ఏది? కాంక్రీటు, దాని లోపలి ఇనుప ఊచలు, రెండూ కలిసి. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని లాగుడును తట్టుకోలేదు. శ్లాబు నడుమ అడుగు భాగంలో పడే ఆ లాగుడును తట్టుకునేది ఊచలే. సిమెంటుకు సహజంగా ఉన్న క్షారగుణం ఊచల్ని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లమెల్లగా కాంక్రీటులోకి చొరబడి ఆ క్షారగుణాన్ని తగ్గిస్తూ పోతుంది. అది ఊచ దాకా చేరిన రోజున కాపలా పోయినట్టే. ఆ తర్వాత చెమ్మ తగిలితే తుప్పు మొదలవుతుంది. ఈ ప్రయాణానికి ఒక లెక్క ఉంది. ఊచ మీద కాంక్రీటు పొర మందం సగమైతే, వాయువు ఊచను చేరే కాలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 20 మిల్లీమీటర్ల పొర దాటడానికి 40 ఏళ్ళు పట్టే కాంక్రీటులో 10 మిల్లీమీటర్ల పొర దాటడానికి 10 ఏళ్ళే చాలు. భారత ప్రమాణాల ఐఎస్ 456 శ్లాబు ఊచల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కవరు ఉండాలనీ, మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలనీ చెప్పింది ఇందుకే. సెంట్రింగు చెక్క మీద ఊచల్ని నేరుగా పరిచి, కవర్ బ్లాకులు పెట్టకుండా కాంక్రీటు పోసిన శ్లాబు, పోసిన రోజునే తన ఆయుష్షును పోగొట్టుకుంది.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు ఊచ వెంబడి చీలి, పెచ్చులుగా రాలుతుంది. మనం ఆ పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తించి, సున్నం కొట్టి, బాగైందనుకుంటాం. లోపలి ఊచ తుప్పు అలాగే ఉంటుంది, పైనుంచి నీరు దిగుతూనే ఉంటుంది. కొత్త ప్లాస్టరు ఆ తుప్పును మన కంటికి కనపడకుండా చేస్తుంది, అంతే. కారే కప్పుకు కిందినుంచి చేసే ఏ మరమ్మతూ మరమ్మతు కాదని గట్టిగా చెబుతున్నాను. ముందు పైన నీటి దారి మూయాలి. ఆ తర్వాతే కింద చేయి పెట్టాలి. చేయి పెట్టినప్పుడు కూడా వదులైన కాంక్రీటును ఊచ వెనక దాకా కొట్టేసి, ఊచను తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాత కాంక్రీటుకు అంటుకునే బంధక ద్రావణం రాసి, పాలిమరు కలిపిన గారతో మూసి, దాన్నీ రోజుల తరబడి తడపాలి. ఇన్ని మెట్లలో ఏ ఒక్కటి వదిలినా పని మళ్ళీ మొదటికి వస్తుంది.

మరి శ్లాబు మార్చవలసిన దశ ఎప్పుడు వచ్చిందని తెలుసుకోవడం ఎలా? సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ఖంగున మోగుతుంది, పొర విడిపోయింది డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన మేర సుద్దతో గీసుకుంటే రోగం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఒక మూల అడుగు రెండడుగుల మేర ఉంటే మరమ్మతు. గది నడుమ, సగానికి పైగా డొల్ల పలికితే సంగతి వేరు. రెండో గుర్తు ఊచ మందం. 8 మిల్లీమీటర్ల ఊచ తుప్పు తిని 7 మిల్లీమీటర్లకు తగ్గిందనుకోండి. తగ్గింది ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కాని లెక్క వేస్తే దాని బలంలో దాదాపు నాలుగో వంతు పోయింది. అన్ని ఊచలూ అలాగే ఉంటే ఆ శ్లాబును కాపాడేది ఏ పూతా కాదు. మూడో గుర్తు, శ్లాబు నడుమ కంటికి తెలిసేలా కుంగడం. నాలుగోది, ఊచలు అడ్డంగా తెగిపోవడం. ఫినాఫ్తలీన్ అనే ద్రావణం కొత్తగా విరిచిన కాంక్రీటు మీద చల్లితే క్షారగుణం ఉన్నంత మేర గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన మేర రంగు మారదు. ఇంజనీరు ఎవరైనా నిమిషాల్లో చేయగల పరీక్ష అది. ఈ గుర్తుల్లో చివరి మూడింటిలో ఏది కనిపించినా మేస్త్రి మాట ఒక్కటే చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. అప్పటిదాకా ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకూడదు, కింద బలమైన ఆనింపులు పెట్టించాలి.

ఇక్కడే ఇంకో పొరపాటును గురించి హెచ్చరించాలి. కారుతోందని పాత శ్లాబు మీదే మూడంగుళాల కాంక్రీటు పొర కొత్తగా పోయించేవాళ్ళు చాలామంది. ఆ పొర చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే జనం కోసం వదిలిన బలమంతా ఆ పొరే మింగేసి, ఇంకా బాకీ పెట్టింది. ఊచలు బలహీనపడ్డ శ్లాబు మీద ఇలా బరువు పెంచడం మరమ్మతు పేరుతో చేసే అపాయం. నీటిని ఆపే పొర తేలికగా ఉండాలి. వాలు సరిచేయడానికి బరువైన గార వాడక తప్పదంటే, ముందు పాత పొరల్ని పూర్తిగా లేపాలి.

పాత మేడల మీద సున్నం, ఇటుక ముక్కలు, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి రోజుల తరబడి దిమ్మిసతో కొట్టి వేసిన పొరలు తరాలు నిలిచాయి. బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి ప్రాంతానికి అది తెలియని విద్య కాదు. దాన్ని చూపించి "ఇప్పటి సిమెంటులో బలం లేదు, పాత రోజులే మేలు" అనేవారున్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ పొరలు నిలిచింది సున్నం మహిమ వల్ల మాత్రమే కాదు. పనికి ఇచ్చిన సమయం, కుదిరిన వాలు, ఏటేటా చూసుకునే అలవాటు వాటిని నిలబెట్టాయి. ఇప్పటి సిమెంటు పాత సిమెంటు కంటే త్వరగా గట్టిపడుతుంది, ఆ తొందర చూసి మనం తడపడం మూడు రోజులకే మానేస్తున్నాం. లోపం సరుకుకు అంటగట్టేముందు ఎన్ని రోజులు తడిపామో గుర్తు చేసుకోవాలి.

పెంకుటింటికి వద్దాం. నాటు పెంకయినా, మంగుళూరు పెంకయినా పెంకు వానను ఆపుతుంది, మోసేది దూలాలు, వాసాలు, పెండెలు. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టిన తర్వాత ఒకదానిలో ఒకటి దిగే గాడుల పెంకు దేశమంతా పాకింది. నాటు పెంకు కంటే అది తక్కువ జారుతుంది, తక్కువ కారుతుంది. కాని రెంటికీ ప్రాణం కర్రలోనే ఉంది. పెంకులు పగలడం, కోతులు గెంతి చెదరగొట్టడం పెద్ద సమస్యలే అయినా అవి మరమ్మతుకు లొంగుతాయి; ఏటా మృగశిర కార్తెకు ముందు పెంకు తిరగేయించి, కొప్పు పెంకుల కింద గార సరిచేయిస్తే సరిపోతుంది. కర్ర విషయం అలా కాదు. దూలం గోడలో దిగిన చోటు, చూరు దగ్గర వాసాల కొసలు, గోడకు ఆనిన కర్రలు ముందుగా పుచ్చుతాయి, చెద పట్టేదీ అక్కడే. ఇనుప మొనతో గుచ్చి చూస్తే మంచి తాటి వాసం మొనను లోపలికి పోనివ్వదు, పుచ్చినది పిండిలా దిగిపోతుంది. ఒకటి రెండు వాసాలు పుచ్చితే వాటినే మార్చవచ్చు. వెన్ను నడుమ కుంగినా, దూలమే పుచ్చినా పైకప్పు దించి కర్ర కట్టుబడి మొత్తం కొత్తగా వేయాలి. పాత పెంకుల్లో మంచివి ఏరి మళ్ళీ కప్పుకోవచ్చు. పెంకుటిల్లు మార్చడమంటే శ్లాబు వేయడమే అన్న అభిప్రాయం సరికాదు. మట్టి గోడలు శ్లాబు బరువు మోయలేవు. ఆ గోడల మీదే శ్లాబు వేయాలనుకునేవారు కప్పుతో పాటు పునాదిని కూడా లెక్కలో వేసుకోవాలి.

రేకుల ఇళ్ళ విషయంలో వాన కంటే గాలి పెద్ద శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులు వీచాయి. గాలి భారానికి సంబంధించిన ప్రమాణం ఐఎస్ 875 విశాఖపట్నానికి నిర్ణయించిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే సరిగ్గా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల బరువుతో సమానం. ఇనుప రేకు చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, రేకుల మీద నాలుగు రాళ్ళు, ఇసుక బస్తాలు పెట్టడం వల్ల తుపానులో ఏమీ ఒరగదని అర్థమవుతుంది. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది, అయినా రేకు బరువు కంటే అది ఏడెనిమిది రెట్లు ఉంటుంది. రోలుగుంట తీరానికి దూరంగా ఉందన్న ధీమా కూడా పనికిరాదు. రేకును పట్టి ఉంచేది బోల్టు. గాలి ముందుగా లేపేది చూరు అంచును, మూలల్ని, కొప్పును. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా పడాలి. బోల్టు రేకు ముడత మీది ఎత్తైన చోట దిగాలి, నీరు పారే గాడిలో దిగకూడదు. దాని కింద ఇనుప వాషరు, తారు వాషరు రెండూ ఉండాలి. రేకు మీద రేకు కనీసం ఆరంగుళాలు ఎక్కాలి. రేకును పట్టిన గొట్టాలు గోడలోకి, గోడ పునాదిలోకి బిగిసి ఉండాలి. గొలుసులో ఏ కొక్కెం ఊడినా కప్పు లేచిపోతుంది.

రేకు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు మళ్ళీ అదే సూత్రం. వాషర్లు ఎండి బోల్టు రంధ్రాల దగ్గర కారితే బోల్టులు, వాషర్లు మార్చండి. రంధ్రం చుట్టూ రేకు తుప్పు తిని పెద్దదైతే ఆ రేకునే మార్చండి. కింది గొట్టాలు, కర్రలు చెడితే మొత్తం దించండి. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉన్నవాటి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పరిశ్రమలోని కార్మికుల ఆరోగ్యరక్షణకు సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశాలిచ్చింది. చెక్కుచెదరని రేకు కంటే కోసినప్పుడు, గీకినప్పుడు, విరిచినప్పుడు లేచే దుమ్ము ప్రమాదం. నాచు పోవాలని వాటిని తీగ బ్రష్షుతో రుద్దకూడదు. దించవలసి వస్తే నీళ్ళు చల్లి తడిపి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకుని, విరగకుండా దించాలి. విరిగిన ముక్కల్ని పొడి చేసి దారిలో గుంతలు పూడ్చడం ఊరందరికీ చేసే హాని.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, అన్నింటికంటే బరువైనది: "ఇవన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కసారి అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలి? పేదవాడికి అతుకే గతి" అని. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. చెరకు డబ్బు చేతికి వస్తే తప్ప ఇంటి పని తలపెట్టలేని కుటుంబాలకు ఈ బాధ తెలుసు. అయినా నేను చెప్పిన వాటిలో మొదటి మెట్లకు ఖర్చు దాదాపు లేదు. గొట్టం నోట్లో ఆకులు తీయడం, పిట్టగోడ మొలకను వేరుతో సహా తీయడం, ట్యాంకు గొట్టం కీలు బిగించడం, మడుగు కట్టే చోటును గుర్తించడం ఇంటివాళ్ళే చేసుకోగల పనులు. పిట్టగోడ మూల గుండ్రంగా గార వేయించడం ఒక మేస్త్రి, ఒక కూలి చేసే చిన్న పని. ఇంటినంతా ఒకేసారి చేయించలేకపోతే ఒక గది పైభాగాన్ని సంపూర్ణంగా చేయించి, వచ్చే ఏడాది రెండో గది అందుకోవచ్చు. ఇంటినంతా అరకొరగా చేయించడం మాత్రం డబ్బు పోగొట్టుకోవడమే. తాత్కాలికంగా టార్పాలిను కప్పుకోవడంలో తప్పేమీ లేదు, అది తాత్కాలికమని మనకు గుర్తున్నంతవరకు.

రెండో అభ్యంతరం: "శ్లాబు మీద రేకుల షెడ్డు వేస్తే సరిపోతుంది కదా?" ఈ మాటలో బలం ఉంది, ఒప్పుకుంటాను. షెడ్డు వల్ల శ్లాబు పొడిగా ఉంటుంది, ఎండా తగ్గుతుంది, తుప్పు నడక నెమ్మదిస్తుంది. ఊచలు బాగున్న ఇంటికి అది మంచి మార్గమే. అయితే రెండు షరతులు. ఊచలు అప్పటికే తిని ఉంటే షెడ్డు పోయిన బలాన్ని తిరిగి తేలేదు. షెడ్డు స్తంభాలు పిట్టగోడకు తగిలించి వదిలేస్తే తుపాను గాలికి షెడ్డుతో పాటు పిట్టగోడా వెళుతుంది. స్తంభాలు కింది గోడల మీదికి, దూలాల మీదికి వచ్చేలా బిగించాలి. మూడో అభ్యంతరం దీనికి వ్యతిరేకం: "ఈ తంటా ఎందుకు, పడగొట్టి కొత్తది వేసేస్తే పీడ విరగడవుతుంది" అని. పాత శ్లాబు ఎందుకు చెడిందో తెలుసుకోకుండా వేసిన కొత్త శ్లాబుకు అదే వాలు లోపం, అదే కవరు లోపం, అదే మూడు రోజుల తడపడం వస్తాయి. అప్పుడు పీడ విరగడ కాదు, పదేళ్ళకు వాయిదా పడుతుంది.

మరమ్మతా, మార్పా అని తేల్చుకోవడానికి నేను సూచించే లెక్క చాలా సులువు. ఖర్చును అది నిలిచే ఏళ్ళతో భాగించండి. ఉదాహరణకు అంకెలు ఊహించుకుందాం. కొత్త శ్లాబుకు 4 లక్షలై 40 ఏళ్ళు నిలిస్తే ఏడాదికి 10 వేలు. పెద్ద మరమ్మతుకు లక్షన్నరై 10 ఏళ్ళే నిలిస్తే ఏడాదికి 15 వేలు. చౌకగా కనిపించిన మరమ్మతు నిజానికి ఖరీదైనది. అదే ఊచలు బాగుండి, 50 వేలతో పైపొర కొత్తగా వేస్తే 12 ఏళ్ళు నిలుస్తుందనుకుంటే ఏడాదికి నాలుగు వేల చిల్లర. అప్పుడు పడగొట్టడం తెలివితక్కువ. రెండేళ్ళకోసారి 10 వేలు పెట్టి పూసే పూతకు పన్నెండేళ్ళలో 60 వేలు అవుతుంది, పైగా ఈలోగా ఊచలు తినడం ఆగదు. మీ ఇంటికి మేస్త్రి, ఇంజనీరు చెప్పిన అంకెలు ఈ లెక్కలో వేసుకుంటే నిర్ణయం దానంతటదే బయటపడుతుంది.

చివరగా సమయం, ఒప్పందం. పూతలు తడి మీద అంటవు కాబట్టి, కాంక్రీటు మండుటెండలో సరిగా పండదు కాబట్టి, ఈ పనులకు సంక్రాంతి దాటాక ఉగాది దాకా ఉన్న రోజులు మంచివి. రోహిణి కార్తెలో మొదలుపెట్టి తొలకరిలోగా ముగించాలన్న తొందర పనిని చెడగొడుతుంది. మేస్త్రితో మొత్తానికింత అని బేరమాడవద్దు. పాత పొర ఎంత లోతు తీస్తారు, వాలు ఎటు, ఎంత, పూత ఎన్ని సార్లు, ఒక్కో పూతకు ఎన్ని డబ్బాలు, ఎన్ని రోజులు తడుపుతారు, నీళ్ళు కట్టి పరీక్షించాక చివరి సొమ్ము ఎంత అన్నవి కాగితం మీద రాసుకోండి. మంచి పనివాడు దీనికి బాధపడడు. తన పని విలువ మీకు తెలిసిందని సంతోషిస్తాడు. పని అయిపోయాక ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తుపానుల కాలానికి ముందొకసారి, కప్పు ఎక్కి అరగంట చూసుకోవడం ఇంటివారి బాధ్యత.

ఇంటికి పెట్టే ఖర్చులో కప్పుకు పెట్టేది అన్నింటికంటే ముందు పిల్లల్ని, పెద్దల్ని, గాదెలోని ధాన్యాన్ని కాపాడుతుంది. పూత గురించి అడిగేముందు నీటి దారిని వెతకండి. పడగొట్టేముందు మోసే భాగాన్ని పరీక్షించండి. పైపొర చెడితే శ్రద్ధగా బాగుచేయించండి, మోసేది చెడితే ధైర్యంగా మార్చండి. ఈ రెంటిలో ఏది ఏదో తెలుసుకున్న ఇంట్లో ఒకసారి పెట్టిన డబ్బు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. వచ్చే సంక్రాంతి తర్వాత ఒకరోజు సుత్తి, సుద్దముక్క చేతపట్టి మీ కప్పును మీరే ఒకసారి పరీక్షించండి.